ధనిష్ఠ కోసం తాళం

గిద్దలూరు,
అక్టోబరు 9.

చిరంజీవి ఓబులేసుకు,

నేను ధనిష్ఠకు భయపడి, ఇల్లు వదిలి కంభంలో నీ ఇంటికి వస్తున్నానని మన బంధువులలో ఒక మాట తిరుగుతున్నది. అది అబద్ధం. అది పుట్టినది నీ నోటనే అని కూడా తెలిసింది.

పెద్దక్క ధనిష్ఠ నక్షత్రంలో పోయినందున ఆరు నెలలు ఇల్లు మూసివేయాలని నువ్వు తాళం కొని మరీ పంపినావు. "పంతులు చెప్పినాడక్కా, ఒక్కదానివే ఆడ ఉండొద్దు" అని ఫోనులో ఏడ్చినావు. నీ ప్రేమను నేను కాదనను. కానీ తమ్ముడూ, ఆ ధనిష్ఠను నువ్వు ఒక్కసారైనా చూసినావా?

ఈ నెలలో చీకటి పడినాక మిద్దె ఎక్కి నడినెత్తిన చూడు. నాలుగు చిన్న చుక్కలు, కింద తోకలా మరొకటి. చేయి చాచి మూడు వేళ్ళు అడ్డం పెడితే అన్నీ మాయమవుతాయి. మన పురాణాలలో వాటికి అధిదేవతలు అష్టవసువులు. గ్రీకులకు అది డాల్ఫిన్. ఓడవాళ్ళు సముద్రంలోకి తోసిన పాటగాణ్ణి వీపున మోసి ఒడ్డుకు చేర్చిందట. అంత మంచి ప్రాణికి భయపడి నేను పెట్టె సర్దుకోవాలా? నాకు చుక్కల పేర్లు నేర్పిన పెద్దక్క ఉంటే, "వీనికి మీసాలు నెరసినాయి గానీ భయం పోలేదే" అని నవ్వేది.

నా మీద అంత దిగులుంటే నువ్వే వచ్చి ఆరు నెలలు ఉండు. పడక మాత్రం వరండాలోనే. పెద్దక్క గదిని నర్సు ముబాషిరాకు ఇచ్చినాను. నిన్ననే ఆమె సామాను దింపుకున్నది.

నీ చిన్నక్క