ట్రేలో పెట్టిన ఉత్తరం

మార్చి 3, సోమవారం

ఇచ్చేశాను. ఇచ్చేశానంటే చేతికి కాదు. ట్రేలో పెట్టి కిటికీలోంచి తోశాను.

మా కళ్ళజోళ్ళ షాపులో ఇరవై నాలుగేళ్ళుగా అన్నీ అలాగే జరుగుతున్నాయి. ముందు గదిలో షాపు ఓనరు పెద్దాయన కస్టమర్ కళ్ళు టెస్ట్ చేస్తారు. పవర్ ఒక చీటీ మీద రాసి, ఫ్రేముతో కలిపి నీలం ట్రేలో పెట్టి, గోడకున్న కిటికీలోంచి నా గదిలోకి తోస్తారు. నేను అద్దాలు అరగదీసి, ఫ్రేములో బిగించి, తుడిచి, చీటీతో సహా అదే ట్రేలో వెనక్కి తోస్తాను. ఆ కిటికీలో ట్రే పడుతుంది, తల పట్టదు. ఆయన మొహం కంటే ఆయన కుడిచేతి వేళ్ళే నాకు బాగా పరిచయం.

అందుకే రాజీనామా కూడా అలాగే పంపాను. నాలుగు రోజులు కూర్చుని రాసిన ఉత్తరం. ఒకే పేజీలో పట్టాలని చీమ తలకాయంత అక్షరాలు రాశాను. ఆయన్ని నేను పిలిచేట్టే బాబాయ్‌గారికి అని మొదలుపెట్టి, ఏప్రిల్ ఒకటి నుంచి మా వదిన డ్రైవింగ్ స్కూల్లో చేరుతున్నానని రాసి, మీరు సంతోషంగా పంపితే తప్ప వెళ్ళలేనని ముగించాను.

వేళ్ళు కాగితాన్ని తీసుకున్నాయి. మడత విప్పిన చప్పుడు వినిపించింది. కాసేపటికి మళ్ళీ మడిచిన చప్పుడు, సొరుగు మూసిన చప్పుడు. అలాగే కానివ్వమ్మాయ్, దానిదేముంది, అన్నారు. టీ తాగావా అని కూడా అడిగారు.

దానిదేముందట. ఇరవై నాలుగేళ్ళకు.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పుకుని కళ్ళు తుడుచుకున్నాను. ఒప్పుకున్నందుకు ఏడుస్తున్నావా, ఒప్పుకోకపోతే ఏడుద్దామనుకున్నావా అని అడిగాడు. రెండూ అన్నాను.

మార్చి 5, బుధవారం

వదిన ఫోన్ చేసింది. మా ఆయనకు అక్క. నాకు డ్రైవింగ్ నేర్పింది ఆవిడే, నలభై మూడేళ్ళు వచ్చాక. మొదటి రోజు క్లచ్ మీద కాలు పెట్టి ఏడ్చాను. ఆరో నెలలో నేను బండి నడుపుతూంటే ఆవిడ పక్క సీట్లో నిద్రపోయింది. అంతకంటే పెద్ద సర్టిఫికెట్ నాకెవరూ ఇవ్వలేదు. ఇంకొకరికి నేర్పడానికి కావలసిన లైసెన్సు కూడా జనవరిలో వచ్చేసింది.

ఒకటో తారీకు బ్యాచ్‌లో ఎనిమిది మంది ఆడవాళ్ళు చేరారట. ఆడ టీచర్ అయితేనే వస్తామన్నారట. నువ్వు రాలేకపోతే ఇప్పుడే చెప్పు, ఇంకొకావిడను పెట్టుకుంటే తర్వాత ఆవిడను పొమ్మనలేను, అంది. వస్తున్నానన్నాను. ఇరవై నాలుగేళ్ళు గోడ చూశాను వదినా, ఇంక రోడ్డు చూస్తాను అని కూడా అన్నాను.

ఫోన్ పెట్టేశాక ఆ గోడ మీద జాలేసింది. నా బుద్ధే అంత.

మార్చి 7, శుక్రవారం

పెద్దాయన ఇంకో మాట అనలేదు. టీ తాగావా అని మాత్రం రోజూ అడుగుతున్నారు.

మార్చి 10, సోమవారం. లంచ్ టైం

రేడియో వచ్చి, లీవు ఎన్నాళ్ళు అని అడిగింది. రేడియో అంటే మా కౌంటర్‌లో కూర్చునే ఆవిడ. పొద్దున ఆవిడ చెవిన పడిన మాట సాయంత్రానికి వీధి చివరిదాకా వెళ్తుందని ఆ పేరు. ఏం లీవు అన్నాను. నువ్వు లీవు లెటర్ ఇచ్చావని పెద్దాయన చెప్పారే, ఏ పెళ్ళికో వెళ్తుంది కాబోలు, పాపం నాలుగు రోజులు తిరిగి రానీ అన్నారే, అంది.

ఆయన చదవలేదు. చదవలేక చదవలేదు.

ఈ సంగతి ఎక్కడా రాయకూడదనుకున్నాను. డైరీకి కాకపోతే ఎవరికి చెప్పుకోను. పెద్దాయనకు అరవై నాలుగు. చత్వారం వచ్చి పదిహేనేళ్ళయినా అయి ఉంటుంది. ఇన్ని వేల మంది ముక్కుల మీద కళ్ళజోళ్ళు పెట్టిన మనిషి తన ముక్కు మీద ఒకటి పెట్టుకోరు. కళ్ళు టెస్ట్ చేసే మిషన్ చిన్న కాగితం మీద పవర్ ప్రింట్ చేసి ఇస్తుంది. దాన్ని చూసి ఆయన చీటీ రాస్తారు. ఏడాదిగా ఆ చీటీల్లో మూడు ఎనిమిది అవుతోంది, ప్లస్ మైనస్ అవుతోంది. అంకెల సైజు కూడా నెలనెలా పెరుగుతోంది. ఇప్పుడు ఒక్కోటి రేగిపండంత ఉంటోంది.

మొదటి తప్పు కనబడ్డ రోజే చెప్పాల్సింది. చిన్నబుచ్చుకుంటారని చెప్పలేదు. రేడియోను బతిమాలుకున్నాను. అప్పటినుంచి ఆవిడ మిషన్ కాగితాన్ని కూడా ట్రేలో ఫ్రేము కింద దాచి పంపుతుంది. నేను రెండూ పక్కపక్కన పెట్టి చూసి, తేడా ఉంటే చీటీ మీద ఎర్ర పెన్సిల్‌తో సన్నగా దిద్ది, దిద్దిన పవర్‌కే అద్దాలు చేస్తాను. చీటీ తిరిగి వెళ్ళాక రేడియో దాన్ని ఇనప ఊచకు గుచ్చేస్తుంది. ఎవరికీ చెప్పనని ఒట్టేసింది. విచిత్రం, నిజంగానే ఎవరికీ చెప్పలేదు.

నేను వెళ్ళిపోతే నా కుర్చీలో కూర్చునే మనిషి చీటీలో ఏముంటే అదే చేస్తుంది. జనం తలనొప్పులతో తిరిగొస్తారు. ముప్పై అయిదేళ్ళ పేరు ఆరు నెలల్లో పోతుంది. నేను ఉండిపోతే వదిన ఇంకొకరిని చూసుకుంటుంది. నలభై ఏడేళ్ళదానికి మళ్ళీ కొత్త ఉద్యోగం ఎవరిస్తారు.

మార్చి 12, బుధవారం

ఇవాళ చెప్పి తీరాలని ముందు గదిలోకి వెళ్ళాను. పెద్దాయన ఒక ముసలావిడకు కొత్త కళ్ళజోడు పెడుతున్నారు. కాడలు వంచడం, చెవులకు తగిలించడం, మళ్ళీ తీసి వంచడం. నొక్కుకుంటోందా అమ్మా అని నాలుగుసార్లు అడిగారు. తర్వాత చార్టు చదివించారు. కొత్త కళ్ళజోడుతో చార్టు చదవందే ఏ కస్టమర్‌నీ మెట్లు దిగనివ్వరు, అదొక పట్టుదల ఆయనకు. ఆవిడ పైనుంచి కింది దాకా గడగడా చదివేసింది. ఇద్దరూ ఫస్టు క్లాసులో పాసైనట్టు మురిసిపోయారు. చూశావా మన పని, అన్నారు నాతో.

ఆ చీటీ నిన్న నేను దిద్దిందే.

ఏంటమ్మాయ్ ఇలా వచ్చావు అని అడిగారు. నీళ్ళు నమిలి, స్క్రూలు అయిపోయాయన్నాను. నా గదిలో స్క్రూలు డబ్బా నిండా ఉన్నాయి.

మార్చి 15, శనివారం

నోటితో చెప్పలేనిది చేత్తో చెప్తాను. నాకొచ్చిన విద్య అదొక్కటే.

మార్చి 17, సోమవారం

దూరపు చూపు శుభ్రంగా ఉన్న అరవై నాలుగేళ్ళ మనిషికి దగ్గర చూపుకు ప్లస్ రెండున్నర. దీనికి టెస్ట్ అక్కర్లేదు. ఆయన వచ్చినవాళ్ళందరికీ చూపించి మెచ్చుకునే గోధుమరంగు ఫ్రేము రేడియో చేత తెప్పించాను. ఇంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని అద్దాలు చేసి ఎన్నేళ్ళయిందో. చీటీ కూడా రాశాను. పేరు: మా బాబాయ్‌గారు. కింద: సొరుగులో ఉన్న ఉత్తరం ఇది పెట్టుకుని చదవండి. ఈసారి అక్షరాలు రేగిపండంత రాశాను.

ట్రే తోశాను. వెనక్కి వచ్చింది. మళ్ళీ తోశాను. మళ్ళీ వచ్చింది, ఈసారి కొంచెం జోరుగా. మూడోసారి నేను తోస్తూంటే అవతల వేళ్ళు అడ్డం పెట్టారు. ఇటునుంచి నేను, అటునుంచి ఆయన. రేడియో నవ్వు ఆపుకోలేక బయటికి పరిగెత్తింది. అదృష్టం కొద్దీ ఎవరో కస్టమర్ వచ్చారు. వేళ్ళు పట్టు వదిలాయి. ట్రే అవతల పడింది.

మార్చి 18, మంగళవారం

ట్రేలు వస్తున్నాయి. టీ తాగావా అన్న మాట రావడం లేదు.

మార్చి 20, గురువారం. సాయంత్రం

పొద్దున ఎవరూ లేరనుకుని పెద్దాయన గోడ వైపు తిరిగి కళ్ళజోడు పెట్టుకున్నారట. ఎవరూ లేకపోవడమేమిటి, రేడియో ఉంది. ఉత్తరం చదివారట, రెండుసార్లు. తర్వాత కళ్ళజోడు తీయకుండానే అటూ ఇటూ చూసి, ఊచ మీది చీటీలన్నీ దింపి ఒళ్ళో పోసుకుని కూర్చున్నారట. ఎర్ర పెన్సిల్ ఆయనకు కనబడింది.

మధ్యాహ్నం నా గదిలోకి వచ్చారు. పనివేళలో ఆయన ఈ గుమ్మం దాటడం నేనెప్పుడూ చూడలేదు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. ఆ ఫ్రేములో ఎంత బాగున్నారో. చీటీల కట్ట నా బల్ల మీద పెట్టి, మొదటి రోజే ఎందుకు చెప్పలేదమ్మాయ్ అని అడిగారు. మీరు బాధపడతారని అన్నాను. వచ్చినవాళ్ళ కళ్ళ కంటే నా బాధ ఎక్కువా అన్నారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. ప్రేమ కొద్దీ చేస్తున్నాననుకున్నాను. ఆయన తప్పు ఆయనకు తెలియకుండా ఏడాది పాటు దాచింది నేనే.

తర్వాత ఆయన జేబులోంచి ఒక పొట్లం తీసి విప్పారు. అద్దాలు. తొమ్మిది జతలు. ఇవి నీవి, అన్నారు.

కస్టమర్ ఎవరైనా చార్టు చదవలేక తడబడితే ఆయన ఆ కళ్ళజోడును పవర్ కొలిచే మిషన్‌లో పెట్టి చూస్తారు. అందులో కన్ను ఆనించి చూడటానికి చత్వారం అడ్డు రాదు. ఈ ఏడాదిలో తొమ్మిదిసార్లు చీటీలో ఒకటి, అద్దంలో ఒకటి ఉందట. ఆ తొమ్మిదిసార్లూ ఆయన రాసిందే ఒప్పట, ఆ పవర్ పెడితే వాళ్ళు చార్టు చదివేశారట. మిషన్ కాగితం మీది అంకెను నేనే తప్పు చదివి, ఒప్పును తప్పుగా దిద్ది కూర్చున్నాను. ఆయనకు ఎర్ర పెన్సిల్ సంగతి తెలియదు కదా. నాకు చీటీ ఆనడం లేదనుకున్నారట. నేను చిన్నబుచ్చుకుంటానని నాతో అనకుండా, పక్క వీధి వర్క్‌షాపులో కొత్త అద్దాలు చేయించి ఇచ్చారట. అటు మోసుకెళ్ళి ఇటు మోసుకొచ్చింది ఎవరంటే, రేడియో. ఏడాదిగా రెండు స్టేషన్లూ మూసేసి కూర్చుంది మహాతల్లి.

నలభై ఏడేళ్ళమ్మాయ్, చేయి చాచి చీటీ పట్టుకుంటున్నావు, అన్నారు. చత్వారం లోకంలో అందరికీ వస్తుంది, అద్దాలు చేసే నాకు రాదనుకున్నాను. సిగ్గు లేకుండా రాస్తున్నాను, నిజంగా అలాగే అనుకున్నాను.

నీకు ఆనాలనే అంకెలు పెద్దవి చేస్తూ వచ్చానన్నారు. ఆ పైన, నాక్కూడా పనికొచ్చాయిలే అన్నారు, గొంతు తగ్గించి. ఇద్దరం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ నేను ఏడ్చాను.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగారు. ఉత్తరం బాగా రాశావమ్మాయ్, కానీ సంతోషంగా పంపమన్నావు, అది నా వల్ల కాదు, పంపడం మాత్రం పంపుతాను, అన్నారు.

మార్చి 22, శనివారం

కళ్ళ టెస్టింగ్ చదువుకున్న ఒక అమ్మాయి ఒకటో తారీకు నుంచి ముందు గదిలో కూర్చుంటుంది. పెద్దాయన నా కుర్చీలోకి మారతారు. షాపు పెట్టిన కొత్తలో అద్దాలు ఆయనే చేసేవారు, చేతి సాన మీద. ఇప్పుడు అద్దాలు అరగదీసే ఈ మిషన్ ఆయనకు తెలియదు. నేర్పి వెళ్ళాలట. నేర్పుతానన్నాను. ఆయన కళ్ళజోడు తీయకుండా ఉంటేనే అని షరతు పెట్టాను. మరి నీ ముక్కు మీద ఏముందమ్మాయ్ అని అడిగారు.

మార్చి 25, మంగళవారం

ఆరు అద్దాలు విరిచారు. చెప్తే వినరు. విననిది చాలక మిషన్‌ను తిడతారు. తల ప్రాణం తోకకొచ్చింది. లంచ్‌లో వదినకు ఫోన్ చేసి, నేను క్లచ్ మీద ఏడ్చిన రోజు నువ్వేం చేశావు అని అడిగాను. ఏమీ చెయ్యలేదు, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, అంది.

మధ్యాహ్నం నేనూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎంత కష్టమో. ఏడో అద్దం విరగలేదు. దాన్ని వేళ్ళ కొసలతో వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసుకున్నారు. ఆ వేళ్ళను నేను ఇంత దగ్గరగా ఇటువైపు నుంచి చూడటం ఇదే మొదలు.

మార్చి 28, శుక్రవారం

రేడియో నాతో మాట్లాడటం లేదు. అడిగితే, మాట్లాడితే ఏడుపొస్తుంది అంది. అని ఏడ్చింది.

మార్చి 31, సోమవారం

ఆఖరి రోజు. సాయంత్రం మిషన్ తుడిచి, స్క్రూల డబ్బా మూత బిగించి లేస్తూంటే కిటికీలోంచి నీలం ట్రే వచ్చింది. పెద్దాయన నా పక్కనుంచి లేచి ముందు గదిలోకి ఎప్పుడు వెళ్ళారో చూసుకోలేదు.

ట్రేలో కళ్ళజోడు. బైఫోకల్. చీటీ మీద పేరు: మా అమ్మాయి. పైన ప్లెయిన్, కింద ప్లస్ ఒకటిన్నర. పైనుంచి రోడ్డు, కిందనుంచి మీటరు. అంకెలు పాత రోజుల్లోలాగా చిన్నగా, పొందిగ్గా ఉన్నాయి. నిన్న ఆదివారం షాపు తీసి ఒక్కరే కూర్చుని చేశారని రేడియో చెప్పింది.

పెట్టుకుని బయటికి వచ్చాను. చార్టు చదవందే మెట్లు దిగనివ్వనన్నారు. చదివాను. ఆఖరి లైను చదవలేకపోయాను. అది పవర్ తప్పు కాదని ఆయనకూ తెలుసు. మళ్ళీ చదవమనలేదు.

ఏప్రిల్ 1, మంగళవారం. పొద్దున ఆరున్నర

మొదటి పాఠం ఏడింటికి. బండిలో కూర్చుని రాస్తున్నాను. రోడ్డు కనబడుతోంది. మీటరులో అంకెలన్నీ ఆనుతున్నాయి.

ఎడమ అద్దం అంచున గోరంత పెచ్చు లేచింది. ఇంకెవరైనా చేసి ఉంటే ట్రేలో పెట్టి వెనక్కి తోసేదాన్ని.