మోకాలి దాకా రాని నీళ్లు

అక్కా,

ఎలా ఉన్నావని రాయబోయి ఆగాను... నువ్వు పోయి ఏడాది దాటింది, నా చేతికి ఇంకా నమ్మకం కుదరలేదు. ఇక్కడ నంద్యాలలో అందరం బాగానే ఉన్నాం. ఆళ్లగడ్డ బస్సు కనిపిస్తే మాత్రం ఎక్కాలనిపిస్తుంది. ఎక్కి ఎవరింటికి పోను?

నీ రోగం నాకూ వచ్చింది. మోకాళ్లు. అమ్మ నగలన్నీ నీకే ఇచ్చిందని దెప్పేదాన్ని కదా... ఇవి మాత్రం ఇద్దరికీ సమానంగా ఇచ్చింది.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి నన్ను చూసి, నీళ్లలో కసరత్తు చేయమంది. మా అక్క చేసిందిలేమ్మా, ఏమీ తగ్గలేదు అన్నాను. ఎలా చేసిందని అడిగింది. చెప్పాను.

నీకు గుర్తుందా? నీకూ డాక్టరు అదే చెప్పాడు, నీళ్లలో కాళ్లు ఆడించమని. మనిద్దరికీ అది కాపడం అనే అర్థమైంది. నొప్పికి నీళ్లంటే మనకు ఇంకేం తెలుసు? ఇంటికొచ్చి బకెట్‌లో వేడినీళ్లు పోసి, ఉప్పేసి, నీ కాళ్లు పెట్టాం. నీళ్లు పిక్కల దాకానే వచ్చాయి. మోకాళ్ల మీద నేను చెంబుతో పోసేదాన్ని. నువ్వు లోపల వేళ్లు కదిలిస్తూ, "ఇంత బాగా ఆడిస్తాండా, మోకాలికి తెలుస్తాందో లేదో" అనేదానివి. ఇద్దరం నవ్వుకునేవాళ్లం. ఎన్ని నెలలు నవ్వుకున్నామక్కా...

ఆ అమ్మాయి నవ్వలేదు. ఈతకొలను దగ్గరికి రమ్మంది.

ఆడవాళ్ల వేళలో వెళ్లాను. నీళ్లలోకి దిగగానే చుడీదార్ బుడగలా పొంగింది, నువ్వుంటే పడీపడీ నవ్వేదానివి. మెట్లు దిగేకొద్దీ ఒళ్లు తేలికైంది. ఛాతీ దాకా వచ్చేసరికి మోకాళ్ల మీద బరువే లేదు. ఇంకేం, హాయిగా నడిచేయొచ్చు అనుకున్నాను. ఎక్కడ! కాలు ముందుకు వేస్తే నీళ్లు ఎదురు తోస్తాయి, వెనక్కి తీస్తే వెనక నుంచి అడ్డుకుంటాయి. తొందరపడితే ఇంకా గట్టిగా ఆపుతాయి. తొడలు, పిక్కలు కష్టపడుతూనే ఉన్నాయి, కీలు మాత్రం కిక్కురుమనలేదు. బయటికొచ్చేటప్పుడు చివరి మెట్టు మీద నా బరువంతా మళ్లీ నా మీద పడింది. మర్నాడు తొడలు పీకాయి, నాట్లేసి వచ్చినప్పటిలా. అలా కండ గట్టిపడితే మోకాలికి ఆసరా దొరుకుతుందట.

అది విన్నాక ఏడుపు ఆగలేదు. నువ్వు కోరింది పెద్ద నడక కూడా కాదు. చర్చిలో అందరితో పాటు మోకరించాలని, అంతే. కుర్చీలో కూర్చుని ప్రార్థన చేసిన ప్రతిసారీ చిన్నబోయిన ముఖంతో ఇంటికొచ్చేదానివి. "కుర్చీలో కూర్చోని అడిగితే అడిగినట్టు ఉండదు పాపా, తీర్పు చెప్పనీకి వచ్చినట్టు ఉంటాది" అనేదానివి. చివరికి పోవడమే మానేశావు. నీ గుండె ఆగిన ఆదివారం కూడా ఇంట్లోనే ఉన్నావు...

ఎంత లోతు నీళ్లలో అని ఆ డాక్టర్ని ఒక్క మాట అడిగి ఉంటే? మనిద్దరిలో ఒక్కరికైనా ఎందుకు తోచలేదు?

నిన్న కొలనులో లోతు తక్కువ ఉన్న వైపు, ఎవరూ చూడనప్పుడు మోకరించాను. నీళ్లు గడ్డం దాకా వచ్చాయి. నొప్పి లేదక్కా, అసలు లేదు. ప్రార్థన మొదలుపెట్టాను గానీ, నీ పేరు దగ్గరికి వచ్చేసరికి నోట్లోకి నీళ్లు పోయాయి.

సమాధుల పండుగకు ఆళ్లగడ్డ వస్తాను. పోయినసారి నీ దగ్గర నిలబడే కొవ్వొత్తి వెలిగించాను. ఈసారి గట్టి నేల మీద మోకాళ్లు వంచుతాను, మనిద్దరి వంతూ. లేవడానికి ఎవరైనా చెయ్యి అందించాల్సి వస్తే రానీ...

కుర్చీ మాత్రం అడగను.

నీ పాప