బరువు తగ్గిన కారు

పారిస్, 1902 జూలై

అక్కా,

ఆన్సెల్మ్ బావ తాగి గోతిలో పడి చచ్చాడని ఊళ్లో అంటున్నారనీ, కార్ల పందెంలోనే పోయాడని మా మోటారు పత్రికలో ఒక్క ముక్క వేయించమనీ రాశావు. అడిగాను.

"నడిపినవాడి పేరు వేశాం కదటోయ్! పక్కన కూర్చుని నూనె పోసే మెకానిక్కుల పేర్లు కూడా వేస్తే కార్ల బొమ్మలకి చోటేదీ?" అని సంపాదకుడు నవ్వాడు.

మెకానిక్కు కనీసం అరవై కిలోలుండాలని పందెం నిబంధన. బక్కపలచని బావకి తోడుగా కాళ్ల దగ్గర ఇసుక మూట పెట్టారు. షార్త్ర్ ఊరు దాటాక మలుపులో బావా, మూటా కారులోంచి ఎగిరి గోతిలో పడ్డారు. కారు ఆగలేదు.

సంచిక పంపుతున్నాను. బావ పేరు లేదు. చివరి పేజీలో ఆ కారు బొమ్మ కింద ఈ వాక్యముంది: "గమ్యంలో తూచినప్పుడు బరువు తగ్గినందున ఈ కారుకు బహుమతి ఇవ్వలేదు."

ఊరివాళ్లకి అదే చూపించు. ఆ తగ్గిన బరువు బావే.

నీ తమ్ముడు