ముట్టకూడని రాడ్

శుక్రవారం రాత్రి, హాసిక్ రేవులో మా రూమ్.

సరదాగా చేపలు పట్టడానికి మా బోటెక్కిన గెస్టు గాలం రాడ్‌ను నడుము బెల్టుకు తగిలించుకున్నాడు. గాలానికి పడ్డ నూరు కిలోల ట్యూనా వాణ్ణి బోటు అంచు దాకా ఈడ్చింది. కాళ్ళు గాలిలోకి లేచాయి. రాడ్ పట్టుకుని నేనే వెనక్కి గుంజాను. తర్వాత చేపను కొక్కేలతో పైకి లాగి, తల చితికేదాకా కొట్టాను. నా మొహమంతా దాని నెత్తురు.

రాడ్ మీద వేరేవాడి చెయ్యి పడితే ఆ చేపకు రికార్డు ఇవ్వరట! గెస్టు నా చెంప పగలగొట్టాడు. నేనూ గుద్దాను. వాడి పన్ను రాలింది.

"మావా, నువ్వు సారీ సెప్పకపోతే బోటు నడిపే నాఖుదా రేపు నిన్ను ఎక్కనివ్వడంట," అన్నాడు నాతో పనిచేసే అప్పన్న.

"పేనం నిలబెట్టినోణ్ణి నాను. ఆణ్ణే సెప్పమను!"

చెప్పను. రేపు గెస్టు పక్కన నా బదులు అప్పన్న నిలబడతాడు. వాడు రూలు దాటే మనిషి కాదు. మళ్ళీ అంత చేప ఈడ్చినా, రాడ్ ముట్టొద్దంటే ముట్టడు...