లత చుట్టిన బీడీ

శుక్రవారం రాత్రి, జర్మనీ హాస్టల్

ఇవాళ క్లాసులో అందరినీ ఇంటి గురించి చెప్పమన్నారు. మా అమ్మ వ్యాపారం చేస్తుందని చెప్పి కూర్చున్నాను. నా తర్వాత లేచిన మా పక్కింటి లత, నిజామాబాద్‌లో తన తల్లి బీడీలు చుడుతుందని వచ్చీరాని జర్మన్‌లో చెప్పేసింది. తునికాకు బదులు నోటుబుక్కు కాగితం కత్తిరించి చుట్టి చూపించింది కూడా. ఆరు నెలలుగా నా పేరే సరిగ్గా పలకనివాళ్లు కుర్చీలు జరుపుకొని దాని చుట్టూ చేరారు.

అది చుట్టింది వదులుగా ఉంది. మా గడప దగ్గర కూర్చుని, బీడీలు చుట్టే మా అమ్మ దగ్గరే నేర్చుకుంది. అప్పుడైనా ఇప్పుడైనా నా చేయే బిగువు.

"నీకూ వచ్చా?" అని పక్కమ్మాయి అడిగితే రాదన్నాను. లత విన్నది. బస్సెక్కాక మా అమ్మ పేరెత్తి అడిగింది.

"గట్లెందుకన్నవే? మీ అవ్వ ఇంటే ఏమనుకుంటది?"

"చెప్పుకో పో. అందరు నీ దిక్కే ఉన్నరు గద!"

గదికి వచ్చిన కాసేపటికి అమ్మ ఫోన్. లత అప్పటికే తనతో మాట్లాడిందట. నేనన్నదంతా చెప్పేసిందనుకున్నాను.

"మీరిద్దరు క్లాసుల బీడీలు చుట్టి చూపెట్టిన్రట గదా! నీదే మంచిగచ్చిందని లత చెప్పింది," అని అమ్మ ఒకటే నవ్వు.

"అవునే అవ్వా," అన్నాను.

పక్క గదిలో లత ఇంకా మేలుకొనే ఉంది. వెళ్లి తలుపు కొట్టాలి. అబద్ధం కూడా అది నాకన్నా మంచిగా చెప్పగలదని ఏడుపొస్తోంది.