జమానత్ పెట్టింది యాదగిరి

మంగళవారం రాత్రి, మెదక్

దివాలా పిటిషన్ సిద్ధమైంది. రేపు పొద్దున సంతకం పెట్టాలి. కోర్టు ఒప్పుకుంటే, నా భార్య సుజాత వైద్యానికి తెచ్చిన అప్పుల కోసం ఎవరూ నా తలుపు తట్టరట. సాయంత్రం ఆఫీసులో నేను లేవబోతుంటే లాయర్ ఇంకో మాట అన్నాడు.

"మీకు జమానత్ పెట్టినాయన ఉన్నడు గద సార్, బ్యాంకోళ్లు ఇగ ఆయన మీద పడ్తరు. జీతంలకెల్లి కోస్తరు."

బ్యాంకు అప్పుకు జమానత్ పెట్టింది, అంటే హామీ సంతకం చేసింది, మా వీధి టీచర్ యాదగిరి. నోటీసు కంటే ముందు నేనే చెప్పాలని నేరుగా వాళ్లింటికి వెళ్లాను.  విని యాదగిరి నవ్వాడు.

"నేను గుడ ఐపీ పెడ్తనే అన్నా. ఇద్దరం కల్సి పోతే లాయర్ ఫీజు జర తగ్గిస్తడు."

వాళ్లావిడ నవ్వలేదు. "వదిన దవాఖానల ఉన్ననాడు సంతకం పెట్టుమని ఈయనకు నేనే చెప్పిన అన్నా. గిప్పుడు పిల్లల ఫీజులు ఎట్ల కట్టాలె? మీరే చెప్పుండ్రి."

ఆమె లోపలికి వెళ్లి చాయ్ తెచ్చింది. తాగకుండా రావడం కుదరలేదు.

పిటిషన్ ఆపి, ముందు బ్యాంకును గడువు అడుగుదామని చెప్పడానికి ఇందాక లాయర్‌కు ఫోన్ చేశాను. ఎత్తలేదు.