అక్క దాచిన జ్వరం

అక్కా, నా భార్య బతూల్ జ్వరాన్ని నువ్వు మంత్రసాని దగ్గర దాచావు, అది అందుకే చచ్చిపోయింది. తెలిస్తే ఆవిడ ఆసుపత్రికి పంపుతుందని, అక్కడ కడుపు కోస్తారని భయపడ్డావు. దాని ఒళ్లు కాలిపోతోందని నేనంటే, “ఆడవాళ్ల సంగతి నీకెందుకురా, పోయి ఒంటెల్ని చూసుకో” అన్నావు. ఆ జ్వరం డెంగీ అని, పుట్టకముందే తల్లి నుంచి బిడ్డకు పాకిందని కస్సలా ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. సూది గుచ్చిన చోట పిల్లకు నెత్తురు ఆగడం లేదు. నేను అక్కడికే పోతున్నాను, నువ్వు రావద్దు. పేరు పెట్టే రోజున కోయడానికని కొన్న గొర్రెను వెనక్కి ఇచ్చెయ్. నీళ్ల కుండలన్నీ ఒంపి బోర్లించు, నువ్వూ దోమతెరలోనే పడుకో. జొన్న రొట్టె మూత కింద ఉంది.

పిల్లకు వాళ్లమ్మ పేరే పెట్టేశాను. పేరు లేకుండా మట్టిలోకి పోకూడదు. నువ్వెంత ఏడ్చినా సరే, ఈ సంగతి నీతో ఇక ఎప్పుడూ మాట్లాడను.